జనరేటరు మోతలో ఇంగ్లీషు పాఠం

ఇంగ్లీషును చెవితో కాకుండా కంటితో నేర్చుకున్న కాలం ఒకటి నా జీవితంలో ఉండేది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సగం గర్వం, సగం సిగ్గు. గర్వం ఎందుకంటే, నగరిలో మరమగ్గాల షెడ్డుకు ఆనుకున్న రెండు గదుల ఇంట్లో పుట్టి, తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివి, లైబ్రరీ బల్ల మీద మోచేతులు అరగదీసి ఒక పరాయి భాషను పట్టుకున్నాను. సిగ్గు ఎందుకంటే, అలా పట్టుకున్న భాషలో నాలుగు మాటలు వరుసగా ఎవరి నోటా విన్న పాపాన పోలేదు. పుస్తకం చదివి ఈత వచ్చేసిందనుకునే వాళ్ళ గురించి మీరు విని ఉంటారు. నేను వాళ్ళకు స్వయానా చెల్లెలిని.

మా ఊరి లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకాలకు ఒకే ఒక బీరువా. దాని తలుపులోంచి మనుషుల చేతుల కంటే చెదపురుగులే ఎక్కువగా వచ్చిపోతూ ఉండేవి. అందులో అట్ట ఊడిన సన్నటి పుస్తకం ఒకటి నా కంటబడింది. పేరు లేదు, రాసినవారెవరో తెలియదు, మొదటి పది పేజీలూ లేవు. ఉన్నవన్నీ జతలు. పలకడానికి ఒకటే, రాయడానికి వేరు, అర్థానికి వేరు. సూర్యుడూ సన్నే, కొడుకూ సన్నే. ఒకదాని నడుమ 'యు', ఇంకోదాని నడుమ 'ఓ'. వారమూ వీకే, నీరసమూ వీకే. పువ్వూ ఫ్లవరే, పిండీ ఫ్లవరే. వెంట్రుకా హేరే, కుందేలూ హేరే. చావూ డయ్యే, అద్దకం రంగూ డయ్యే. నాకు ఈ వింత ఎంత నచ్చిందంటే, రోజుకు నాలుగైదు చొప్పున మొత్తం నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. నూటపదహారు జతలయ్యాక ఆపాను. (ఇంకా ఉన్నాయి. కానీ మంచి అంకె దగ్గర ఆగాలనిపించింది.)

చిక్కు ఒకటే. ఇవన్నీ ఒకేలా వినబడతాయని పుస్తకం అంటుంది. నాకేమో ఏ రెండూ ఒకేలా వినబడవు. ఎలా వినబడతాయి, నేను వాటిని వింటే కదా! నాది ప్రతి అక్షరాన్నీ పేరు పేరునా పలకరించే చదువు. గుర్రమెక్కి కత్తి తిప్పే వీరుడిని నేను 'క్నైగ్త్' అనేదాన్ని, రాత్రిని 'నైగ్త్' అనేదాన్ని. ఒకరోజు అలా గొణుక్కుంటుంటే లైబ్రరీ సారు చెవిన పడింది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నా నోటుబుక్కులోకి తొంగి చూశారు.

"రెండూ నైటే పాపా."

"ముందర 'కె' ఉండాది కదా సార్?"

"ఉండాది. గానీ పని చెయ్యదు. మా పెద్దాఫీసులో అట్లాంటోళ్ళు శానామంది ఉండారు. జీతం పొద్దు మాత్రం వచ్చి సంతకం పెట్టి పోతారు."

ఆ రోజు నుంచి పనిచెయ్యని అక్షరాలన్నిటినీ ఎర్ర సిరాతో చుట్టడం మొదలుపెట్టాను. ఇంటికి వచ్చి అమ్మకు చదివి వినిపించేదాన్ని. అమ్మ షెడ్డు కోసం కండెలు చుట్టేది, అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు ఎక్కించడం. ఆమె చెయ్యి ఆగకుండానే అనేది: "ఏం మే, ఒక్క కూతకు రెండు అర్థాలు పెట్టుకోని ఆ తెల్లోళ్ళు ఎట్ల బతికినారు? ఇంకో కూత దొరకలేదా వాళ్ళకు?" నాయన మాత్రం చావు, అద్దకం సంగతి పట్టుకున్నాడు. "అద్దకపాయన సేతులు సూసినావా ఎప్పుడన్నా? మోచేతి దాకా నీలం. వాళ్ళు తెలిసే పెట్టినారులే" అన్నాడు.

నాయన మగ్గాలు నడిపే మా షెడ్డు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు నమ్మబుద్ధి కాదు. మరమగ్గాలు ఆడుతుంటే లోపల పిడుగు పడినా తెలియదు. అరిచి చెబుదామనుకునేవాడు పిచ్చివాడి కింద లెక్క. అందుకని అక్కడ గొంతు వాడరు. పెదవులు పెద్దగా కదిలిస్తారు, మిగతాది చేతులు చూసుకుంటాయి. రెండు వేళ్ళతో పోగు పట్టుకుని తెంచినట్టు చూపిస్తే పోగు తెగింది, చూసుకో అని. బొటనవేలు పెదవికి ఆనిస్తే టీ. పొట్ట ముందు చేత్తో గుండ్రంగా చుడితే ముదలాళి వస్తున్నాడని, అంటే మగ్గాల యజమాని. (ఆయన ఇది ఎన్నోసార్లు చూశాడు. అన్నం సంగతి అనుకునేవాడు పాపం.) ఎవరినైనా పిలవాలంటే భుజం తట్టాలి. దూరంగా ఉంటే వేస్టు నూలును చిన్న ఉండగా చుట్టి విసరాలి. పరధ్యానంగా ఉన్నవాడికి ఉండ తగలడం మంచిదే, నాడె ఎగిరి తగలడం కంటే. నేను నడక రాకముందు నుంచీ ఆ షెడ్డులో పెరిగాను. మోత మొదలైతే గొంతు ఆగిపోవడం, చేతులు లేవడం నాకు రెప్పపాటు లాంటిది. ఆ అలవాటు ఉందని కూడా నాకు తెలియదు.

డిగ్రీ అయిపోయిన వేసవిలో ముదలాళి అమ్మతో చెప్పాడు, షెడ్డులో కండెలు చుట్టే మిషను దగ్గర ఒక చోటు ఖాళీ అయింది, నెల దాటితే ఇంకొకరిని పెట్టేస్తాను, మీ పాపను పంపు అని. అదే వారం తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూలుకు ఇంగ్లీషు టీచరు కావాలని, డెమో క్లాసు చెప్పాలని బస్టాండు గోడ మీద కాగితం చూశాను. తిరుపతిలో లైబ్రరీ మా ఊరి దానికి పదింతలు ఉంటుందని విన్నాను. ఇంగ్లీషు బీరువాలు ఒక గది నిండా ఉంటాయట. నాయన ఒక్క మాట అన్నాడు: "ఒక్కతూరి పోదాం. వచ్చిందా, తిరపతి. రాలేదా, వచ్చే నెల నుంచి కండెలు. మళ్ళీ మళ్ళీ సెలవు పెట్టి నీతో తిరగలేను పాపా." నూటపదహారు జతలున్న నోటుబుక్కును ఒళ్ళో పెట్టుకుని, నాయన పక్కన కూర్చుని బస్సెక్కాను. ఆయన తాను నేసిన పంచె కట్టుకుని కూర్చున్నాడు. సొంత పెళ్ళికి కూడా అంత నిటారుగా కూర్చుని ఉండడు.

స్కూలు కరస్పాండెంటు నుదుట నామం పెట్టుకుని, తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో కొత్త సెల్‌ఫోనుతో ఉన్నాడు. ఫోను కొన్నది ముందు రోజే అయి ఉండాలి, దాని మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. నన్ను ఏడో తరగతి గదిలోకి తీసుకెళ్ళి, వెనక బెంచీలో కూర్చున్నాడు. నాయన వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాడు. "పదిహేను నిమిషాలమ్మా. ఏది కావాలంటే అది చెప్పు" అని కరస్పాండెంటు ఫోనులో తల దూర్చాడు. నలభై మంది పిల్లలు నన్ను కొత్త సరుకును చూసినట్టు చూశారు.

మొదటి నాలుగైదు నిమిషాలు నేను చాలా గొప్పగా చెప్పానని నా ఉద్దేశం. బోర్డు మీద జతలు రాసి, ఒక్కొక్కటీ పలికి చూపించాను. పుస్తకంలో లేని ఉపోద్ఘాతం కూడా ఇచ్చాను. నా గొంతు నాకే లైబ్రరీ వాసన వేసింది. పిల్లల్లో ఒకరిద్దరు ఆవులించారు. ఒక పిల్ల బెంచీ మీద జామకాయ దొర్లిస్తూ ఉంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మరుక్షణం కిటికీ పక్కనున్న గోడ వెనక డీజిలు జనరేటరు ధడధడమని లేచింది. గది అదిరింది.

ఆ తర్వాత జరిగింది నాకు తెలియకుండా జరిగింది. నిజంగా తెలియదు. నేను పాఠం చెబుతూనే ఉన్నాననుకున్నాను. బోర్డు మీద సూర్యుడి 'సన్' చూపించి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి ఎండకు కళ్ళు చిట్లించాను. కొడుకు 'సన్' చూపించి, చంటిబిడ్డను చంకన వేసుకుని ఊపాను. పువ్వును తుంచి జడలో పెట్టుకున్నాను. పిండిని పిసికి, ముంజేతితో ముక్కు మీది చెమట తుడుచుకున్నాను. కుందేలుకు రెండు వేళ్ళు నెత్తిన పెట్టి దూకాను. వారానికి ఏడు వేళ్ళు మడిచాను. నీరసానికి బల్ల మీద వాలిపోయాను. 'మీట్' అంటే కలుసుకోవడానికి గాల్లో చెయ్యి కలిపాను. అదే కూతతో పలికే మాంసానికి అరచేతిని కత్తి చేసి టకటకా నరికాను. పిల్లలు నిటారుగా కూర్చున్నారు. జామకాయ కిందపడితే ఎవరూ తీసుకోలేదు. ముందు వరసవాళ్ళు నాతోపాటు పువ్వులు పెట్టుకోవడం, మాంసం నరకడం మొదలుపెట్టారు. కాసేపటికి గదంతా అదే పని. ఇంత బాగా చెబుతున్నానా అని నాకే ఆశ్చర్యంగా ఉంది.

ఒక్క మనిషి మాత్రం తల ఎత్తలేదు. వెనక బెంచీలో కరస్పాండెంటు ఫోనులోనే ఉన్నాడు. మోత మోగుతుంటే పరధ్యానం! నా చెయ్యి నన్ను అడగలేదు. వేళ్ళ మధ్య ఉన్న చాక్‌పీసు ముక్క నూలుండలా గాల్లోకి లేచి, పిల్లల తలల మీదుగా వెళ్ళి ఆయన నుదుట తగిలింది. నామం పక్కన ఇంకో తెల్ల గీత పడింది. ఆయన ఉలిక్కిపడి లేచి ఏదో అరిచాడు. మోతలో వినబడలేదు, కానీ పెదవులు చదవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "ఏయ్, ఏం చేస్తా ఉండావు నువ్వు?" అంటున్నాడు. దానికి నేను తిరిగి ఏం చెప్పానో తెలుసా? రెండు వేళ్ళతో పోగు తెంచి చూపించాను. పోగు తెగింది, చూసుకో అని.

అప్పుడు జనరేటరు ఆగింది. కరెంటు వచ్చింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నలభై జతల చేతులు గాల్లో ఉన్నాయి. "సారీ సార్!" అన్నాను. షెడ్డులోంచి బయటికి వచ్చిన వెంటనే మావాళ్ళ గొంతులు ఎంత పెద్దగా ఉంటాయో అంత పెద్దగా అన్నాను. వరండా పిట్టగోడ మీది కాకులు లేచిపోయాయి.

ఆయన చేతిరుమాలుతో నుదురు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. "అంటే గొంతు ఉండాది. మరి ఇంతసేపూ ఒక్క మాట బయటికి రాలేదేం తల్లీ?"

"మాట్లాడతానే ఉండాను కదా సార్?"

"లేదు మేడం!" అన్నారు నలభై మందీ ఒక్క గొంతుతో. (పిల్లలంత నిజాయితీపరులు లోకంలో ఉండరు. అవసరమైనప్పుడు కూడా అబద్ధం చెప్పరు.)

కిటికీలో నాయన ముఖం కనబడుతోంది. ఇక వచ్చే నెల నుంచి కండెలే అని నిశ్చయమైపోయింది. కరస్పాండెంటుకు కోపం కంటే ఎక్కువగా, పోటీ పరీక్షలాంటి పట్టుదల వచ్చినట్టుంది. "నోరు తెరవకుండా ఏం పాఠం చెప్పినట్టు? చూద్దాం, వీళ్ళకు ఏం ఎక్కిందో" అని జామకాయ పిల్లను లేపాడు. "ఏం పాపా, ఫ్లవర్ అంటే ఏంది?"

ఆ పిల్ల తడుముకోకుండా అడిగింది: "ఏ ఫ్లవర్ సార్? ఇదా?" అని జడలో పువ్వు పెట్టుకుంది. "ఇదా?" అని పిండి పిసికింది.

ఆయన బోర్డు వైపు ఒకసారి చూసుకున్నాడు. రెండో ఫ్లవరు ఒకటి ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసిందని నా అనుమానం, కానీ పెద్దమనిషి, బయటపడలేదు. ఇంకో నలుగురిని ఇంకో నాలుగు అడిగాడు. నలుగురూ "ఏది సార్, ఇదా ఇదా?" అనే అడిగారు. చివరికి మాంసం నరికి చూపించిన పిల్లవాడిని చూసి ఆయనకే నవ్వు వచ్చింది. ఆ నవ్వును మీసాల కింద దాచుకుంటూ అన్నాడు: "సోమవారం నుంచి రా. ఒక నెల చూస్తా. గొంతుతో చెప్పల్ల. నాకు నచ్చకపోతే నెల తిరిగేతలికి ఇంటికి పోవల్ల. ఇంకోటి, నేను క్లాసులో ఉంటే చాక్‌పీసు బల్ల మీద పెట్టి చెప్పల్ల."

తిరుగు ప్రయాణంలో బస్సు వడమాలపేట దాటేదాకా నాయన తన చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. నేను పరువు తీశానని కోపంగా ఉన్నాడనుకున్నాను. కిటికీలోంచి మామిడితోటలు చూస్తూ కూర్చున్నాను. అంతలో ఆయన నా భుజం తట్టాడు.

"ఏం మే, ఆ పువ్వుకు, ఆ పిండికి నిజంగానే ఒకటే కూతా?"

"నీకెట్ల తెలుసు నాయనా?"

"కిటికీలో సూస్తా ఉంటిని గదా. మొదట్లో నువ్వు గొంతు పెట్టి సెప్పింది ఒక్క ముక్క ఎక్కలే. మోత వచ్చినాక అంతా అర్థమయిపోయె." ఆయన ముఖం వెలిగిపోతోంది. "సదువురానోన్ని. ఈ పొద్దు ఇంగ్లీసు పాఠం ఇన్నాను మే నేను. కుందేలు ఒకటి రొంబ బాగుండాది."

ఇక పుత్తూరు దాకా ఒకటే పారాయణం. ఎండ, కొడుకు. వారం, నీరసం. ఒక్కొక్కటీ చేతులతో చూపించడం, "దీని కూత ఏంది?" అని అడగడం, నేను చెబితే తల ఊపడం. మాంసం దగ్గరికి వచ్చేసరికి ఆయన సీటు కడ్డీ మీద ఎంత ఊపుగా నరికాడంటే, ముందు సీట్లో ఆవిడ బుట్ట తీసుకుని లేచి వేరే చోటికి వెళ్ళిపోయింది. కండక్టరు దగ్గరికి వచ్చి, "ఏం పెద్దాయనా, యాడ దిగల్ల మీకు?" అని, మాకు చెవుడనుకున్నాడేమో, ఒక్కో మాటా సాగదీస్తూ చేతులు ఆడిస్తూ అడిగాడు. నాయన వచ్చిన నవ్వును ఆపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

పుత్తూరులో బస్సు ఆగినప్పుడు ఆయన ఉన్నట్టుండి అడిగాడు: "సరే గానీ పాపా, ఒక సందేహం. వాళ్ళు మన మాదిరి సేతులు ఆడించరు గదా. ఉత్త నోటితో మాట్లాడుకునేటప్పుడు పువ్వో పిండో ఎట్ల తెలుస్తాది వాళ్ళకు?"

నేను నూటపదహారు జతలనూ మనసులో తిరగేశాను. స్పెల్లింగులున్నాయి, అర్థాలున్నాయి, ఎర్ర సిరా సున్నాలున్నాయి. ఈ ప్రశ్నకు జవాబు లేదు. అసలు ఈ ప్రశ్నే నాకు రాలేదు. "తెల్దు నాయనా" అన్నాను. నేను ఆ మాట అనడం ఆయన అంతకుముందు విని ఉండడు. నా వైపు వింతగా చూశాడు. బస్సు కదిలింది.

"ముందర మాట, ఎనక మాట సూసుకుంటారేమోలే" అన్నాడు. "పడుగులో పోగు తెగితే మనం ఏం సేస్తాం? దాని సోటు యాడో ఆ పోగు సెప్పదు. అన్నీ ఒకే మాదిరి ఉంటాయి గదా. అటు పక్క పోగు, ఇటు పక్క పోగు సెప్తాయి. అట్లనే ఉంటాది." అంతే, పెద్ద విషయం చెప్పానన్న ఎరుక కూడా లేకుండా కళ్ళు మూసుకుని నగరి దాకా నిద్రపోయాడు.

నెలాఖరున కరస్పాండెంటు మళ్ళీ వెనక బెంచీలో కూర్చున్నాడు. ఈసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, గొంతుతోనే చెప్పాను. పిల్లల్లో ఒకరు, మాట వినబడితే రెండిట్లో ఏదని ఎలా తెలుసుకోవాలి మేడం అని అడిగారు. నేను పడుగు గురించి, తెగిన పోగు గురించి, అటు పక్క ఇటు పక్క పోగుల గురించి చెప్పాను. క్లాసయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి, "ఉండమ్మా, ఉండు. ఇంక నెల లేదు, గిల లేదు" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పోగు సంగతి బలే ఉండాది. ఏ పుస్తకంలోది?" అని అడిగాడు.

"లైబ్రరీలో చదివినాను సార్" అన్నాను.

నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ అమ్మాయి మీద ఇప్పుడు నాకు కోపం రాదు, నవ్వు వస్తుంది. పుస్తకంలో లేనిది ఎవరైనా చెబితే అది విద్య కాదని ఆమె గట్టి నమ్మకం. మగ్గం ముందు నిలబడే మనిషి మాట అని చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని భయం కూడా. నాయనకు ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే, "పోనీలే, లైబ్రరీ సారుకు మంచి పేరు వచ్చె గదా" అంటాడని తెలుసు.

ఇప్పటికీ ప్రతి ఏడూ ఆ జతల పాఠం వచ్చినప్పుడు పోగు సంగతి చెబుతాను. చెప్పి, ఒక్క క్షణం ఆగుతాను. ఇది ఎవరు చెప్పినారు మేడం అని ఒక్కరైనా అడుగుతారేమోనని. అడిగితే చెప్పడానికి రెండు ముక్కల జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు, కింద గీత గీస్తారు, తర్వాతి పేజీ తిప్పేస్తారు.